బీదర్ మదరసా గురించి రాసేటప్పుడు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

బీదర్‌లోని మహమూద్ గవాన్ మదరసా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘అద్భుతం’ లేని పేరా కనబడలేదు. ఆ అద్భుతం ఏ రంగులో ఉందో, ఎంత ఎత్తుందో మాత్రం ఎక్కడా లేదు. నీ పరవశమే కనిపించింది గానీ కట్టడం కనిపించలేదు.

తూర్పు ముఖాన మిగిలిన ఆ ఒక్క మినార్‌నే తీసుకో. సుమారు 130 అడుగుల ఎత్తు. దాని ఒంటి మీద రంగు పలకలను వంకర గీతలుగా, మెలిక మీద మెలికగా పేర్చుకుంటూ పోయారు. నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు. చాలా పలకలు ఊడిపోయాయి. పలక ఉన్న చోటికీ, బోసి రాయి బయటపడ్డ చోటికీ మధ్య అంచు చూశావా? కింద రాతి కట్టుబడి ఎలా సాగిందో, దాని మీద పలక ఎలా కూర్చుందో అక్కడే తెలుస్తుంది. గోడ మీద నీలి నేపథ్యంలో తెల్లగా సాగే ఖురాన్ వాక్యాల పట్టీ దగ్గర కూడా అంతే ఓపికగా నిలబడు. చదవడం రాకపోయినా ఆ అక్షరాల నిలువుగీతల లయ కంటికి అందుతుంది.

కట్టించిన గవాన్ ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చి బహమనీ సుల్తానుకు వజీర్ అయినవాడు. 1472 నాటికి లేచిన ఈ మదరసా నమూనా కూడా అటువైపుదే: నడుమ విశాలమైన ప్రాంగణం, చుట్టూ మూడంతస్తుల గదులు, మసీదు, గ్రంథాలయం. ఇంతవరకు చాలు, వంశావళి వద్దు.

రెండో మినార్ ‘కాలగర్భంలో కలిసిపోయింది’ అని రాశావు. అది కాలం చేసిన పని కాదమ్మా, మందుగుండు చేసిన పని. ఔరంగజేబు బీదర్‌ను పట్టుకున్నాక చదువుకునే గదులు సైన్యం చేతికి పోయాయి. అక్కడ నిలవ చేసిన మందుగుండు 17వ శతాబ్దం చివర్లో పేలి, ముందుభాగంలో కొంత, దక్షిణపు వైపు చాలా మటుకు ఎగిరిపోయాయి. ఇంత గట్టి సంగతిని అరిగిపోయిన మాట కింద పూడ్చిపెట్టడం నాకు నచ్చలేదు.

ఇంకొకటి. కొండపల్లి అంటే మనకు బొమ్మలే గుర్తొస్తాయి. 1481లో డెబ్బై దాటిన గవాన్‌ను సుల్తాన్ చంపించింది అక్కడి దండయాత్రలోనే. గిట్టనివాళ్లు అతని ముద్రతో ఒడిశా రాజుకు దొంగ ఉత్తరం పుట్టించారు. మదరసా కట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. దీన్ని వ్యాసం చివర్లో, నాలుగు వాక్యాల్లో చెప్పు. కన్నీళ్లు కలపకు.

వీలైతే మళ్లీ వెళ్లు. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్ల దూరమే. తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే చేరుకో, ఎండ నేరుగా పలకల మీద పడుతుంది. ఫోను సంచిలో పెట్టి పుస్తకంలో గీసుకో, వంకరగా వచ్చినా పరవాలేదు. ఇప్పుడున్న మొదటి పేజీ తీసేసి మినార్ దగ్గరే మొదలుపెట్టు. పది రోజులు ఆగమని సంపాదకుడికి నేను చెబుతాను.