దిగులు, ఫోను, మళ్లీ దిగులు: ఈ చుట్టు ఎక్కడ తెంపాలి?

రాత్రి ‘నా వల్ల కాదు’ అన్న దిగులు, అది మరిచిపోడానికి ఫోను, పొద్దున లేవలేక మళ్లీ దిగులు. దీన్నెలా ఆపాలని అడిగారు.

ఆలోచనతో కుస్తీ పట్టకండి, ఇంకా బిగుస్తుంది. ఫోను అందకుండా చేయడం సులువు. శ్రీకాకుళంలో గ్రూప్స్‌కి చదివే రోజుల్లో ఛార్జర్‌ని వంటగదిలో బియ్యం డబ్బా పక్కకి మార్చాను. నాలుగు రాత్రులు చెయ్యి దిండు కింద తడుముతూనే ఉంది! ఖాళీ వదిలితే పాతదే వచ్చి కూర్చుంటుంది కాబట్టి, పొద్దున టీ తాగగానే నాగావళి వంతెన దాకా నడక పెట్టుకున్నాను. ఇక గుర్తుపెట్టుకోనక్కర్లేదు, టీ గ్లాసే గుర్తుచేస్తుంది.

కొత్త అలవాటు కుదరడానికి 21 రోజులు చాలంటారు గానీ నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధనలో సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ తేలింది. వానల్లో నాకైతే వారం తప్పింది.