పాత రార్ ఫైళ్లు విప్పే పని ఇప్పుడే పెట్టుకో

అమ్మాయీ,

ఆఫీసు పాత డిస్కుల నిండా రార్ ఫైళ్లే (చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టిన మూటలు) ఉన్నాయి, లినక్స్‌కి మారాక వాటినేం చేయాలి అని అడిగావు. అన్నీ విప్పి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల ఓపెన్ ఫార్మాట్లలోకి మార్చెయ్యి. విప్పే సాధనాలు చేతిలో ఉండగానే ఈ పని అయిపోవాలి.

ఎందుకంత తొందరంటే, రార్ లాంటిదే అయిన ఏస్ ఫార్మాట్ సంగతి చూడు. దాన్ని విప్పే డీఎల్ఎల్‌కి (ప్రోగ్రాం వాడుకునే భాగానికి) సోర్స్ కోడ్, రార్ ఫైళ్లు తయారుచేసే విన్‌రార్ ప్రోగ్రాం వాళ్ల దగ్గర కూడా లేదు. 2019లో అందులో పెద్ద భద్రతా లోపం బయటపడితే, సరిచేసే దారి లేక ఏస్ సపోర్టునే తీసేశారు. అంతే, ఆ ఫైళ్లు దాచుకున్నవాళ్లకి ఒక దారి మూసుకుపోయింది.

రార్ పరిస్థితి అంత అధ్వాన్నం కాదు. రార్ విప్పే అన్‌రార్ ప్రోగ్రాం సోర్స్ కోడ్ ఎవరైనా దించుకోవచ్చు. కానీ దాన్ని వాడి రార్ కంప్రెషన్‌ను తిరిగి తయారు చేయకూడదని లైసెన్సులో షరతుంది. అందుకే డెబియన్ అనే లినక్స్ దాన్ని నాన్-ఫ్రీ (స్వేచ్ఛ లేని సాఫ్ట్‌వేర్) విభాగంలో పెట్టింది. కోడ్ కనబడుతోంది కదా అని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనుకోకు. 7-జిప్ అనే ఇంకో ప్రోగ్రాంలో కూడా రార్ విప్పే భాగానికి ఇదే షరతు ఉంది. నేనైతే ముందు ఇలాంటి మూటలు విప్పే లిబ్‌ఆర్కైవ్ అనే సాధనంతో మొదలుపెడతాను. అది అలాంటి షరతు లేని బీఎస్‌డీ లైసెన్సు కోడ్, 2013లో వచ్చిన రార్ కొత్త రూపం రార్5నీ చదువుతుంది. పాస్‌వర్డ్ ఉన్నవీ, కొన్ని పాత రార్‌లూ దానికి లొంగవు. వాటికి అన్‌రార్ వాడు, తప్పేం లేదు. డేటా బయటికి రావడమే ముఖ్యం.

పార్ట్1, పార్ట్2 అని ముక్కలుగా ఉన్నవన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చు. విప్పే ముందు టెస్ట్ చెయ్యి, పాడైన ముక్క ఏదో అక్కడే తెలిసిపోతుంది. విప్పినవాటిని టార్‌గా (ఒకే ఫైలుగా) కట్టి ఎక్స్‌జెడ్ అనే టూల్‌తో కుదించు. విండోస్ వాళ్లకి ఇవ్వాల్సినవైతే జిప్ చాలు, దాని వివరాలు 1989 నుంచీ అందరికీ తెలిసినవే. కొత్త ఆర్కైవ్‌ను వేరే ఫోల్డర్‌లో విప్పి, మొదటి ఫోల్డర్‌తో డిఫ్ పెట్టి పోల్చాకే పాత రార్ ఫైలు చెరిపెయ్యి. తెలుగు పేర్లున్న ఫైళ్లను మాత్రం కళ్లతో చూడు. ఎన్‌కోడింగ్ సరిగా రాయని జిప్ టూల్ వాడితే, ఇంకో సిస్టమ్‌లో ఆ పేర్లు చిందరవందర గుర్తులైపోతాయి.

ఒక్క విషయంలో రార్‌ని మెచ్చుకోవాలి. కొద్దిగా పాడైనా బాగుచేసుకునే రికవరీ రికార్డు అందులో పెట్టుకోవచ్చు. టార్‌కి అది లేదు కాబట్టి, పాడైతే బాగుచేసుకోవడానికి పనికొచ్చే పార్2 ఫైళ్లు కూడా తయారుచేసి పక్కన పెట్టు.

పాస్‌వర్డ్ తెలియనివి ఈ వారమే ఏరి జాబితా రాయి. అవి పెట్టినవాళ్లు ఇంకా ఆఫీసులో ఉండగానే అడిగెయ్యి.

మీ పెదనాన్న