మానేసిన ఉద్యోగంలోకి మళ్లీ: ముందు ఏ పని చూసుకోవాలి?

ఉద్యోగ సలహా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీకాం చదివి, హోల్‌సేల్ మందుల వ్యాపారంలో నాలుగేళ్లు అకౌంటెంట్‌గా చేశాను. బాబు పుట్టాక 2019 మొదట్లో మానేశాను. మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటున్నాను. ముందు ఏదైనా కోర్సు చేయాలా? బయోడేటాలో ఖాళీ సంవత్సరాల సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కోర్సు సంగతి తర్వాత, ముందు కాగితాలు చూసుకోండి. పాత యజమాని పీఎఫ్ కట్టి ఉంటే మీకు 12 అంకెల యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంటుంది. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి సర్వీస్ హిస్టరీ తెరవండి. చేరిన తేదీ ఉండి, మానేసిన తేదీ ఖాళీగా ఉండటం చిన్న సంస్థల్లో మామూలే. అది అలాగే వదిలేస్తే కొత్త చోట చేరాక పాత పీఎఫ్ బదిలీ ఆగిపోతుంది. పాత యజమాని చుట్టూ తిరగక్కర్లేదు. ‘మేనేజ్’లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, ఆధార్ ఫోన్‌కి వచ్చే ఓటీపీతో మీరే నమోదు చేయవచ్చు. చివరిసారి పీఎఫ్ జమైన నెలలోని తేదీయే ఇవ్వాలి. పాస్‌బుక్ చూసుకుని మరీ ఇవ్వండి, ఒకసారి నమోదయ్యాక మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

రెండోది ఇంటిపేరు. డిగ్రీలో పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది, పాన్‌లో పొడి అక్షరాలు: మన ఆడవాళ్ల కాగితాల్లో సగం చిక్కులు ఇక్కడే. డిగ్రీ జోలికి వెళ్లకండి. ఆధార్, పాన్, పీఎఫ్ ఖాతా మూడింట్లో పేరు అక్షరం తేడా లేకుండా కలిసేలా చూసుకోండి. డిగ్రీకీ వాటికీ మధ్య తేడాకు పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు దగ్గర పెట్టుకుంటే చాలు. అనుభవ పత్రం తీసుకోకపోయి ఉంటే ఇప్పుడైనా అడగండి. సంస్థ మూతపడితే పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఆధారంగా పనికొస్తాయి.

ఇక పని విషయం. డెబిట్, క్రెడిట్ మీరు మరిచిపోరు. మారింది జీఎస్టీ. మీరు మానేసేనాటికి చేతిలో బిల్లు ఉండి, పుస్తకాల్లో ఎక్కితే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకునేవారు. 2022 జనవరి 1 నుంచి అలా కుదరదు. అమ్మినవాళ్లు తమ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు చూపాలి, అది మీ జీఎస్టీఆర్-2బిలో (జీఎస్టీ పోర్టల్ తయారుచేసే క్రెడిట్ల పట్టిక) కనపడాలి. అప్పుడే క్రెడిట్. నెలవారీ రిటర్న్‌లు వేసే సంస్థకు 2బి ప్రతి నెలా 14న తయారవుతుంది. దాన్ని కొనుగోలు రిజిస్టర్‌తో సరిపోల్చి, తేలని బిల్లుల జాబితా తీసి, సప్లయర్లకు ఫోన్లు చేయడమే ఈరోజు అకౌంటెంట్ పనిలో పెద్ద భాగం. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది కూడా ఇదే: ‘2బిలో లేని బిల్లుకి ఏం చేస్తారు?’ క్రెడిట్ ఆపి, సప్లయర్‌కి చెప్పి, అది కనపడిన నెలలో తీసుకుంటానని చెబితే మీకు పని తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

టర్నోవర్ 5 కోట్లు దాటిన సంస్థలు ఇతర వ్యాపారులకు వేసే బిల్లులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు) తప్పనిసరి. మీ మందుల లైన్లో అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత రేటుకి అమ్మిన సరుకు తర్వాత వాపసు వస్తే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గిస్తూ ఇచ్చే పత్రం) పాత రేటుకే వేయాలి. ఇలాంటివి నాలుగు తెలుసుకుంటే వేలు పోసి మూడు నెలల కోర్సు చేయక్కర్లేదు.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో ఇప్పుడు టాలీ ప్రైమ్ ఉంది. ఎడ్యుకేషన్ మోడ్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోవడానికి అది అడ్డేమీ కాదు. తెలిసినవాళ్ల దుకాణంలో ఒక నెల బిల్లులు అడిగి, ఎంట్రీలు వేసి, జీఎస్టీఆర్-3బి (పన్ను కట్టే నెలవారీ రిటర్న్) లెక్క తేలేదాకా చేయండి.

బయోడేటా ఒక్క పేజీ. ‘2019 నుంచి: కుటుంబ బాధ్యతలు’ అని ఒకే వరుస రాయండి. దాచొద్దు, సంజాయిషీ వద్దు. ‘అకౌంట్స్ చూశాను’ అనే మాటకు బదులు బ్యాచ్‌వారీ స్టాక్, ఎక్స్‌పైరీ వాపసులు, కంపెనీల క్రెడిట్ నోట్లు, నెలకు సుమారు ఎన్ని బిల్లులు అన్నది రాయండి. మందుల హోల్‌సేలర్‌కి ఆ మాటలే కావాలి.

ఎక్కడ అడగాలి? చిన్న సంస్థల అకౌంటెంట్ ఉద్యోగాలు పోర్టళ్లలోకి రాకముందే ఆడిటర్ల ద్వారా భర్తీ అయిపోతాయి. ‘మంచి మనిషి ఉంటే చెప్పండి’ అని యజమాని ముందు తన ఆడిటర్‌నే అడుగుతాడు. కాబట్టి మీకు దగ్గర్లోని ఆడిటర్ ఆఫీసులకు నేరుగా వెళ్లండి. తేదీ చూసుకుని వెళ్లండి: 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న 3బి గడువులు. ఆ రోజుల్లో మీ మొహం చూసే తీరిక ఎవరికీ ఉండదు. 22 తర్వాత వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రిటర్న్‌లు, ఆడిట్ల సీజన్, వాళ్లకే మనుషులు కావాలి. తాత్కాలికమైనా ఒప్పుకోండి. నాలుగు నెలల తాజా పని మీ బయోడేటాలో ఖాళీ వరుసను పైనుంచి కిందికి నెట్టేస్తుంది.

ప్రశ్న: 2024లో బీటెక్ అయింది. లక్షన్నర ఇస్తే మూడేళ్ల అనుభవం చూపించి బ్యాక్‌డోర్‌లో ఐటీ ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. కట్టమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కట్టొద్దు. వెరిఫికేషన్‌లో యూఏఎన్ అడుగుతారు. నెలనెలా పీఎఫ్ జమ లేని ‘మూడేళ్ల అనుభవం’ అక్కడే తేలిపోతుంది. చాలాచోట్ల ఈ తనిఖీ చేరిన తర్వాత ముగుస్తుంది, అంటే మూడో నెలలో బయటికి పంపవచ్చు. అసలు దెబ్బ ఆ తర్వాత: పీఎఫ్ ఖాతా తెరిచాక ఆ రెండు మూడు నెలల ఉద్యోగం మీ సర్వీస్ హిస్టరీలో ఉండిపోతుంది. తర్వాతి కంపెనీ ఎందుకు మానేశారని అడిగితే ఏం చెబుతారు?

కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోండి. శిక్షణ సాధారణంగా ఏడాది, స్టైపెండ్ ఉంటుంది, చివర్లో ప్రభుత్వ సర్టిఫికెట్ ఇస్తారు. చూపించుకోదగ్గ అనుభవం అది. ఆఫ్-క్యాంపస్ డ్రైవ్‌లు పాసైన సంవత్సరం చూస్తాయి కాబట్టి ఆలస్యం చేయకండి. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఎవరికైనా కట్టి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఫార్మా కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) నాలుగేళ్లుగా చేస్తున్నాను. మారదామని నౌకరీలో అన్నిటికీ అప్లై చేస్తున్నా ఒక్క ఫోనూ రావడం లేదు. నా బయోడేటా పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: మీరు పంపిన బయోడేటాలో మొదటి నాలుగు వరుసలూ ‘కష్టపడే తత్వం, టీమ్ ప్లేయర్’. రిక్రూటర్ ఆ మాటలు కొట్టి వెతకరు. హెచ్‌పీఎల్‌సీ, జీసీ, డిసొల్యూషన్, ఎంపవర్, స్టెబిలిటీ అని ల్యాబ్ పరికరాలు, సాఫ్ట్‌వేర్, పరీక్షల పేర్లతో వెతుకుతారు. అవి హెడ్‌లైన్‌లోనూ, కీ స్కిల్స్‌లోనూ ఉండాలి. ఏపీఐలో (మందు ముడిపదార్థం) చేశారా, ఫార్ములేషన్‌లోనా (మాత్రల్లాంటి తయారైన మందు) అన్నది మీరెక్కడా రాయలేదు. మొదటి వడపోత దాంతోనే. నోటీస్ పీరియడ్ గడి ఖాళీగా వదలకండి.

మీ లైన్లో అప్లికేషన్ల కంటే శని, ఆదివారాల వాకిన్‌లు మేలు. మూడు నెలల పేస్లిప్‌లు, చివరి ఇంక్రిమెంట్ లెటర్ పట్టుకెళ్లండి. ‘సిస్టమ్ సూటబిలిటీ (పరికరం పరీక్షకు సరిగ్గా ఉందో చూసే తనిఖీ) ఫెయిలైతే?’ అని అడిగితే ‘మళ్లీ ఇంజెక్ట్ చేస్తాను’ అనకండి, అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయినట్టే. రన్ ఆపి, సూపర్‌వైజర్‌కి తెలిపి, రికార్డు చేసి, కారణం వెతుకుతానని చెప్పాలి. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకండి.