ఎవరి వాడలో ఏ పటం విప్పాలి

హన్మకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నర్సంపేట తండాల్లో నువ్వు నడుపుతున్న సాయంకాలపు బడికి విరాళాలిచ్చినవారికి ఏడాది పనిని ఏ రూపంలో చెప్పాలని అడిగావు. వీడియో తీయించాలా, రంగుల పుస్తకం అచ్చువేయించాలా అని రాశావు గాని, అది ఎవరి కోసమో రాయలేదు. ముందు అది తేల్చుకో బిడ్డా.

మన చేర్యాల పటాలు నీకు తెలిసినవే. నకాశీ చిత్రకారులు గుడ్డమీద గీసిన పటాన్ని కథకులు ఒక్కో బొమ్మ విప్పుతూ కథ చెప్పేవారు. పద్మశాలీల వాడకు కూనపులివారు మార్కండేయ పురాణం పటంతో వెళితే, మాదిగవాడకు డక్కలివారు జాంబపురాణం పటంతో వెళ్లేవారు. గీసే చేయి ఒకటే, పటం మాత్రం వినేవారిని బట్టి మారేది.

ఈ సంగతి తెలిసి కూడా నేను తప్పు చేశాను. ఒక ఏడు నలభై పేజీల నివేదికను నునుపు కాగితం మీద అచ్చువేయించి, ఏటా తప్పకుండా ఐదు వేలు ఇచ్చే ఒక అడ్తి వ్యాపారికి ఎనుమాముల మార్కెట్‌కు స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చాను. రెండు నెలల తరువాత మళ్లీ వెళితే, కాంటా ఊగకుండా దాని కాలి కింద పెట్టిన పుస్తకం మాదే. నేను చూడటం ఆయన చూశాడు. “గిది అచ్చేసుటానికి ఎన్ని పైసలైనయ్ సారూ? నేనిచ్చినయ్ గిండ్లనే పోయినయా?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అటువంటివారికి తెలుగులో ఒక్క పేజీ ఉత్తరం చాలు. అందులో ఒక పిల్ల సంగతి, ఒక లెక్క, ఈ ఏడు మీరు చేయలేకపోయిన ఒక పని ఉండాలి. ఆ మూడోది రాయడానికి వెనుకాడకు, మొదటి రెండింటినీ నమ్మించేది అదే. చదివే తీరిక లేనివారికి మీ టీచరు సొంత గొంతుతో నిమిషంన్నర వాయిస్ మెసేజ్ పంపించు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అయితే మీ నంబరును సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది కనుక, ఆ పని ముందే చేయించు. గ్రూపు మాత్రం పెట్టకు, గుడ్ మార్నింగ్ పువ్వుల కింద మీ కబురు కూరుకుపోతుంది.

వీడియో వద్దనను. జూన్‌లో ఒక పిల్ల కూడబలుక్కుంటూ చదివిన పేరానే ఫిబ్రవరిలో మళ్లీ చదివించి, రెండు ముక్కలనూ పక్కపక్కన చూపిస్తే ఏ పుస్తకమూ చెప్పలేని సంగతి అందులో కనబడుతుంది. వెనుక సంగీతం అవసరం లేదు, పిల్ల గొంతు వినబడాలి. తల్లిదండ్రులకు విషయమంతా వారి భాషలో చెప్పి ఒప్పించిన తరువాతే కెమెరా తీయాలి. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో వంటి ఆనవాళ్లు బయటపెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. అటువంటి పిల్లలు మీ బడిలో ఉంటే వారిని ఏ రూపంలోనూ చూపించవద్దు.

కంపెనీల సంగతి వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హత గల కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మీకు డబ్బు మంజూరు చేసిన అధికారి దానికి తన బోర్డు ముందు జవాబు చెప్పుకోవాలి కాబట్టి, ఆయనకు కావలసింది పట్టిక. అందులో పిల్లలకు పంచిన బడిసంచుల లెక్క చివరన ఉన్నా ఫరవాలేదు. పల్లె పిల్లలు ఎంతవరకు చదవగలరో కొలిచే అసర్ సర్వేలో చూసినట్లు అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లు పెట్టుకొని, ఏడాది మొదట్లో ఏ మెట్టు మీద ఎంతమంది, చివర ఎంతమంది అన్నది ముందు చూపించు. మొదటి కొలత జూన్‌లోనే తీసుకోకపోతే మార్చిలో ఎంత అందమైన పట్టిక వేసినా పనికిరాదు.

ఇక సమయం. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలు 10బిడి ఫారంలో మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతలకు వారి విరాళానికి 10బిఈ అనే ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చింది. పన్ను కాగితాన్ని ఎవరైనా తెరిచి చూస్తారు కనుక, మేము మా ఒక్క పేజీ ఉత్తరాన్ని దానితోపాటే పంపడం మొదలుపెట్టాం. అడ్తి వ్యాపారి ఫోను చేసి ఉత్తరంలోని పిల్ల ఇప్పుడు ఏ తరగతి అని అడిగింది ఆ ఏడే.

వచ్చే ఆదివారం ఇంటికి రా. దాతల జాబితా తెచ్చుకో, ఎవరికి ఏది పంపాలో పేరు పేరునా గుర్తులు పెట్టుకుందాం. పుస్తకం నమూనా తేవలసిన పని లేదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న