రైఫిల్ తర్వాత, ముందు కుర్చీ

విజయనగరం

అమ్మడూ,

నువ్వు ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నాకు ఎంత సంతోషమైందో! అదే ఊపులో డ్వాక్రా అప్పు తీసి రైఫిల్ కొనేస్తానంది. అక్కడ మాత్రం గట్టిగా వద్దన్నాను. పోటీలకి పనికొచ్చే రైఫిల్ లక్షల్లో ఉంటుంది. నీ ఒంటికి ఏది కుదురుతుందో తెలియకుండా కొంటే మూలన పడుతుంది. మొదటి ఏడాది క్లబ్బు రైఫిల్‌తోనో, కోచ్ దగ్గర ఉన్నదానితోనో నేర్చుకోవచ్చు. పోలియో కాళ్ళతో ఇన్నేళ్ళు కూర్చునే పిస్టల్ కాల్చినదాన్ని, పిల్లలకి నేర్పినదాన్ని. మనలాంటివాళ్ళకి ముందు కుదరాల్సింది చక్రాల కుర్చీ.

ఎందుకో చెప్తాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. మన పెల్లెట్, అంటే రైఫిల్‌లో వేసే సీసపు గుండు, 4.5 మిల్లీమీటర్లు, దాని అంచు ఆ చుక్కని తాకితే పది. జైపూర్ అమ్మాయి అవని లేఖరా 2012లో కారు ప్రమాదం జరిగాక చక్రాల కుర్చీలోకి వచ్చింది. టోక్యో పారాలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టింది, మళ్ళీ 2024 పారిస్‌లో ఫైనల్లో 24 షాట్లకి 249.7 పాయింట్లతో ఇంకో బంగారం గెలిచింది. పది లోపల ఎంత నడిమధ్యకి తగిలితే దశాంశం అంత పెరుగుతుంది. అంటే సగటున ఒక్కో షాట్ 10.4, నడిమధ్య నుంచి మిల్లీమీటరున్నర లోపల. ఇంత సన్నటి లెక్కలో కుర్చీ ఒక్క పిసరు ఊగినా షాట్ ఎక్కడికో పోతుంది. నిలబడి కాల్చేవాళ్ళకి పాదాలు, మోకాళ్ళు, నడుము చేసే పని మొత్తం నీకు కుర్చీ చెయ్యాలి.

అందుకని ఈ వారం నుంచే మొదలుపెట్టు. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా, ఎప్పుడూ ఒకే లెక్కన ఉండాలి. మెత్తబడిన టైరు మీద కుర్చీ ఉయ్యాల ఊగుతుంది. బ్రేకులు వేశాక ఎవరినైనా వెనక నుంచి తొయ్యమను, కదిలితే బ్రేకు బిగించాలి. ఫుట్‌రెస్ట్ ఎత్తు రెండు కాళ్ళకీ సరిపోవాలి, ఒక మోకాలు పైకి లేస్తే నడుము అటు వాలిపోతుంది. ఇవన్నీ కుదిరాక కొలతలు ఒక నోటుబుక్కులో రాసుకో. పరుపు మందం, వీపు ఆనే చోటు ఎత్తు, ఫుట్‌రెస్ట్ ఎన్నో రంధ్రంలో ఉందో, అన్నీ.

ఇప్పుడు అసలైన పని. వడ్రంగి చేత రైఫిల్ పొడవున, నాలుగు కిలోలకి కాస్త అటూ ఇటూగా ఒక చెక్క కోయించు. వసారా గోడకి నీ కంటి ఎత్తులో ఒక నల్లటి బొట్టుబిళ్ల అంటించు. పెద్ద సైజుది, 15 మిల్లీమీటర్లు ఉండాలి. 10 మీటర్ల టార్గెట్‌లో నల్ల భాగం 30.5 మిల్లీమీటర్లు కాబట్టి 5 మీటర్ల దూరంలో ఈ బిళ్ల దాదాపు అంతే కనబడుతుంది. చెక్కని భుజానికి ఆనించి బిళ్ల వైపు పట్టు. కళ్ళు మూసుకో. రెండు మూడు సార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదులు, సగం వదిలాక ఆగు, అప్పుడు కళ్ళు తెరువు. చెక్క మొన ఎడమకి పోయి ఉందనుకో, చేతులతో కుడికి నెట్టకు. కుర్చీ చక్రాన్ని ఒక వేలెడు తిప్పి మళ్ళీ మొదటి నుంచి చూడు. కళ్ళు తెరిచిన ప్రతిసారీ బిళ్ల మీదే ఉండేదాకా అంతే. కుదిరాక చక్రాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత గియ్యి. మర్నాడు అదే గీతల్లో కుర్చీ పెట్టు. చేతులతో బలవంతంగా నెట్టి కొట్టిన పది ఒకటి రెండు సార్లు వస్తుంది కానీ మ్యాచ్‌లో ఉండే 60 షాట్లకీ రాదు.

మోచేతులు ఆనించకుండా కాల్చే స్టాండింగ్ ఈవెంట్‌లో ఆ 60 షాట్లకి నీకు 75 నిమిషాలు ఇస్తారు. ముందు సర్దుకోవడానికి, సరిచూసుకోవడానికి పావుగంట వేరే ఉంటుంది. అంటే తొందర లేదు. గురి పెట్టాక ఎనిమిది పది సెకన్లలో షాట్ రాకపోతే రైఫిల్ దించెయ్యి. కాలు ఒక్కసారిగా బిగుసుకుని ఎగిరినా దించెయ్యి. అది తగ్గేదాకా ఆగు, ఎవరూ ఏమీ అనరు. దించడం నేర్చుకున్న పిల్ల గెలుస్తుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ముందు వెనకబడి తర్వాత పైకి వచ్చినవాళ్ళందరూ దించడం తెలిసినవాళ్ళే.

రైఫిల్ చేతికి వచ్చాక పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం ఎక్కువగా చెయ్యి. వేలి కొస మెత్తటి భాగంతో, తిన్నగా వెనక్కి. నొక్కాక కూడా ఒక క్షణం అలాగే సైట్‌లోంచి చూస్తూ ఉండు. పెల్లెట్ లేదని తెలిసినా మొన మనుషుల వైపు తిప్పకూడదు, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటే అసలు తియ్యకు. పెల్లెట్లు సీసంతో చేసినవి. ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే ఏదైనా తిను.

నీ చేతులు బాగున్నాయి, రైఫిల్ బరువు నువ్వే మోయగలవు కాబట్టి పారా షూటింగ్‌లో నువ్వు ఎస్‌హెచ్1 తరగతిలోకి వస్తావని నా అంచనా. చేతుల్లో బలం లేనివాళ్ళు ఎస్‌హెచ్2, వాళ్ళకి రైఫిల్ కింద స్ప్రింగ్ ఉన్న స్టాండ్ ఇస్తారు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం ఉందన్నది ఇక్కడ తేల్చదు. క్లాసిఫికేషన్ చేసేవాళ్ళు విడిగా పరీక్షిస్తారు. నడుము, పొట్ట కండరాల పట్టు ఎంతుందో చూసి, నీ కుర్చీకి వీపు ఆసరా ఎంత ఎత్తు ఉండొచ్చో వాళ్ళే చెప్తారు. అందుకే ఇప్పుడే ఎత్తైన వీపు ఆసరాకి అలవాటు పడకు. స్టాండింగ్ ఈవెంట్‌లో కుర్చీలోనే కూర్చుంటావు కానీ మోచేతులు దేనికీ ఆనకూడదు. ప్రోన్‌లో, అంటే నడిచేవాళ్ళు బోర్లా పడుకుని కాల్చే ఈవెంట్‌లో, నువ్వు మోచేతులు బల్ల మీద ఆనించవచ్చు. మొదట ప్రోన్‌తో మొదలుపెడితే ట్రిగ్గర్ త్వరగా పట్టుబడుతుంది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు, మీ అమ్మకి కూడా చదివి వినిపించు. నీకు నడుము కింద స్పర్శ లేదు. ఆటలో పడితే గంటలు తెలియకుండా పోతాయి. ప్రతి పావుగంటకీ చేతులు ఆనించి ఒళ్ళు పైకి లేపు, లేదా ముందుకు వంగు. రాత్రి పడుకునే ముందు చేతి అద్దంతో పిరుదులు, తుంటి ఎముకల దగ్గర చూసుకో. ఎర్రగా కంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే మర్నాడు కుర్చీ ఎక్కొద్దు, డాక్టర్‌కి చూపించు. ఒక్క పుండు ఆరు నెలల ప్రాక్టీస్‌ని మింగేస్తుంది, ప్రాణం మీదకి కూడా తెస్తుంది. షూటింగ్ జాకెట్ దళసరి గుడ్డ. మన నరసన్నపేట ఎండల్లో, ఉక్కపోతలో నీ ఒంటికి చెమట సరిగా పట్టదు కనుక వేడి లోపలే ఉండిపోతుంది. తడి తువ్వాలు మెడ మీద వేసుకో, మధ్యలో జాకెట్ విప్పు.

ఆడపిల్లలు చేసే పని ఒకటుంది, నాకు చాలా బాధ. షూటింగ్ రేంజ్‌లో బాత్రూమ్ సరిగ్గా ఉండదని పొద్దున్నుంచి నీళ్ళు మానేస్తారు. అలా చెయ్యకు తల్లీ. నీకు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం, వణుకు, ఇక ఆట ఎక్కడ? నీళ్ళు తాగు, మ్యాచ్‌కి అరగంట ముందు క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) పని ముగించుకో, ఆ టైము ప్రాక్టీస్ రోజుల్లోనే అలవాటు చేసుకో.

మందుల సంగతి. గుండెదడకి, పార్శ్వపు తలనొప్పికి రాసే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు షూటింగ్‌లో నిషేధం. పోటీ రోజే కాదు, ఎప్పుడూ నిషేధమే. ఒంట్లో నీరు తీసే బిళ్ళలు కూడా అంతే. టెన్షన్ తగ్గుతుందని ఎవరిచ్చినా వేసుకోకు. నువ్వు రోజూ వాడే మందుల చీటీ నాకు ఫొటో తీసి పంపు, డాక్టర్‌నీ అడుగుదాం. ఏదైనా తప్పనిసరి అయితే ముందే అనుమతి అడిగే పద్ధతి ఉంది. అలాగని డాక్టర్ చెప్పకుండా నీకు నువ్వే ఏ మందూ ఆపకు.

మీ నాన్న పోలీస్ స్టేషన్ గొడవ అని భయపడుతున్నాడట. 4.5 మిల్లీమీటర్ల, 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదని చెప్పు. బిల్లు, నీ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు.

ఎవరో "సిరిమాను తీర్థంలో బుడగలు పేల్చే ఆటేగా" అన్నారని ఏడ్చావట. మల్లయోధుడు కోడి రామ్మూర్తిగారిదీ, బరువులెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరిదీ ఈ జిల్లాల గాలే. బలానికి పేరు పడిన నేల కాబట్టి కదలకుండా కూర్చునే ఆట గొప్పేమిటో వాళ్ళకి తెలియదు. ఒకసారి ఆ చెక్కని చేతికిచ్చి బిళ్ల మీద పది సెకన్లు కదలకుండా పట్టమను.

శ్రీకాకుళంలో జిల్లా క్రీడల ఆఫీసుకి వెళ్ళి, పారా షూటింగ్ ఎంపికల గురించి కాగితం మీద రాసి అడగండి. ఏ రేంజ్‌కి వెళ్ళినా ముందు ఎవరైనా వెళ్ళి మూడు చూసి రావాలి. గేటు నుంచి ఫైరింగ్ పాయింట్ దాకా మెట్లున్నాయా, బాత్రూమ్ తలుపు వెడల్పు నీ కుర్చీకి సరిపోతుందా, బల్ల కిందకి నీ మోకాళ్ళు దూరతాయా. టేపు పట్టుకెళ్ళమను, కంటి లెక్క వద్దు. ఆ కొలతలు, నీ నోటుబుక్కులోవి, రెండూ ఆదివారం లోపు పంపితే ఎవరితో మాట్లాడాలో నేను చూస్తాను.

నీ పెద్దమ్మ