మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి గ్లకోమా ముప్పు ఎంత?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. మధుమేహం వల్ల కిడ్నీలు దెబ్బతిని, ఈమధ్యే డయాలసిస్ మొదలుపెట్టారు. డయాలసిస్ జరుగుతుండగా కొన్నిసార్లు కన్ను నొప్పిగా ఉందని, చూపు మసకబారుతోందని అంటున్నారు. కిడ్నీ జబ్బు ఉంటే గ్లకోమా వస్తుందని విన్నాం. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కిడ్నీ జబ్బు ఉన్నవారిలో గ్లకోమా (నీటికాసులు – సాధారణంగా కంటిలోపలి ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతినే జబ్బు) కొంత ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని అధ్యయనాలు చెబుతున్న మాట నిజమే. అయితే వయసు, మధుమేహం, అధిక రక్తపోటు ఈ రెండు జబ్బులున్నవారిలోనూ తరచుగా కనిపించేవే కనుక, ఒకటి రెండోదానికి నేరుగా కారణమని తేల్చి చెప్పలేము. మీ నాన్నగారి విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది డయాలసిస్ సమయంలో వస్తున్న ఆ నొప్పి.

డయాలసిస్‌లో రక్తంలోని యూరియా వేగంగా తగ్గిపోతుంది. కంటిలోపలి ద్రవంలో మాత్రం అంత త్వరగా తగ్గదు. ఈ తేడా వల్ల నీరు రక్తంలోంచి కంటిలోకి చేరుతుంది. ద్రవం బయటికి పోయే దారి సవ్యంగా ఉన్న కన్ను దీన్ని తట్టుకుంటుంది గానీ, ఆ దారి ఇరుకుగా ఉన్నవారిలో, లేదా మధుమేహం ముదిరి అక్కడ కొత్త రక్తనాళాలు మొలిచినవారిలో, సాధారణంగా 10 నుంచి 21 మి.మీ. (పాదరస మట్టం) మధ్య ఉండే కంటి ఒత్తిడి పెరిగిపోవచ్చు. రక్తపోటు పడిపోయినా చూపు మసకబారుతుంది కాబట్టి, లక్షణాన్ని బట్టి మనమే నిర్ణయించుకోవడం సరికాదు. వీలైతే డయాలసిస్‌కు ముందూ, ముగిసిన వెంటనే కంటి ఒత్తిడి కొలిపించండి. దృష్టి నాడి, రెటీనా, ద్రవం పోయే కోణం, పక్కచూపు పరీక్షలు కూడా చేయించాలి. నొప్పి తీవ్రమై, కన్ను ఎర్రబడి, వాంతులైనా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అదే రోజు అత్యవసరంగా చూపించాలి.

ఇక మందుల సంగతి, నా దృష్టిలో చాలామంది పట్టించుకోనిది ఇదే. కంటి ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర శరీరంలోంచి కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. అవి పనిచేయనప్పుడు అది ఒంట్లో పేరుకుని, రక్తంలో ఆమ్లగుణం పెంచి, మగతకూ అయోమయానికీ దారితీస్తుంది. కంటి ఒత్తిడి తగ్గించడానికే ఎక్కించే మానిటాల్ సెలైన్ కూడా మూత్రం రానివారికి ప్రమాదకరమే. చుక్కల మందులు చాలావరకు వాడుకోవచ్చు. వాటిలోనూ టిమొలాల్ ఆస్తమా ఉన్నవారికి, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికి పనికిరాదు. రేపు కిడ్నీ మార్పిడి జరిగితే వాడే స్టెరాయిడ్లు కొందరిలో నొప్పి తెలియనివ్వకుండానే కంటి ఒత్తిడిని పెంచుతాయి. అప్పుడు కంటి పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డయాలసిస్ కాగితాలు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. అక్కడ రాసిన కొత్త మందు ఏదైనా మొదలుపెట్టే ముందు కిడ్నీ డాక్టరుకు చూపించండి.