పోటీల్లో బరువులెత్తేవాళ్లకు (వెయిట్‌లిఫ్టర్లకు) అదే ఉద్యోగమా, లేక పొట్టకూటికి ఇంకేదైనా చేస్తారా?

పోటీల ప్రైజ్ మనీతో ఇల్లు గడవడం కష్టం. అందుకే చాలామందికి పగలు వేరే పని ఉంటుంది. ఒంగోలు, నెల్లూరు జిమ్ముల్లో సాయంత్రం చూడండి: కానిస్టేబుల్, పీఈటీ మాస్టారు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్, రొయ్యల చెరువులు చూసుకునే కుర్రాడు, ఇలా రకరకాలవాళ్లు కనిపిస్తారు.

మెడల్ వస్తే దారి మారుతుంది. రైల్వే, పోలీసు, ఆర్మీ స్పోర్ట్స్ కోటాలో తీసుకుంటాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన మన కరణం మల్లీశ్వరి ఎఫ్‌సీఐలో (భారత ఆహార సంస్థ) ఉద్యోగం చేసింది. టోక్యోలో రజతం తెచ్చిన మీరాబాయి చాను అప్పటికి రైల్వే ఉద్యోగి, తర్వాత మణిపూర్ పోలీసు శాఖలో చేరింది.

రైస్ మిల్లులో బస్తాలు మోసే ముఠా కూలీకి ఇది తేలికేగా అని అడుగుతుంటారు. కాదండీ. వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ అనే పద్ధతిలో బరువులున్న బార్‌ను నేల నుంచి ఒక్క ఊపున తలపైకి లేపాలి. అందులో వేగం, టెక్నిక్ ముఖ్యం. పైగా రోజంతా మోసిన ఒంటికి విశ్రాంతి లేకపోతే సాయంత్రం ప్రాక్టీసు ఒంటబట్టదు. ఆ మాటకొస్తే, కుర్చీలో కూర్చుని చేసే గుమాస్తా పనే నయం!